సజ్జ మీది తొట్టెల

ఆ ఎండాకాలం నేను చెయ్యాల్సిన పనులు ఇవి.

సంఘం హాలు తాళంచెవి అడిగి తేవాలి. హాలులో తిరగని ఫ్యాన్లు చూడటానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మైకు సెట్టు వాళ్ళతో మాట్లాడాలి. తెరకు గట్టి తాడు కొనాలి, లాగేటప్పుడు చిక్కు పడకుండా చూసుకోవాలి. జనం కూర్చోవటానికి మా ఇంట్లోంచీ పక్కిళ్ళలోంచీ జంపఖానాలు తెచ్చి పరవాలి. ఓంప్రకాశ్ డైలాగు మరిచిపోయిన చోటల్లా వెనకనుంచి అందించాలి. చాయ్ ఫ్లాస్కు నింపి పెట్టాలి. చివరి సీనుకు ఒక తొట్టెల తేవాలి.

ఇవన్నీ నాటకం కోసం శ్యాంసుందర్ సార్ చెప్పినవి. నా భార్య పద్మ చెప్పిన పని ఇంకొకటి ఉంది. "మీ అమ్మకు చెప్పు" అన్నది. అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది అదే. నేను దాన్ని అన్నిటికంటే వెనక్కి పెట్టుకున్నాను.

నా పేరు పండరి. మాది వరంగల్ కొత్తవాడ. అమ్మ బక్కమ్మ, నాయిన వెంకట్రాజం ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేస్తారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. అందుకని వాడకట్టులో ఎవరికి పింఛను ఫారం నింపాలన్నా, ఆధార్‌లో పేరు దిద్దించాలన్నా నా దగ్గరికే వస్తారు. హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. ఎవరేం చెప్పినా "సరే" అనటం నాకు అలవాటు. ఈ గుణం చూసే నన్ను చేసుకున్నానని పద్మ అంటుంది. ఇదే గుణం చూసి అప్పుడప్పుడు చెయ్యి చేసుకోవాలనిపిస్తుందని కూడా అంటుంది.

పద్మలతది పరకాల. హనుమకొండలో ఒక ల్యాబులో టెక్నీషియను. శ్యాంసుందర్ సార్ మా ఇద్దరికీ డిగ్రీలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఖాళీగా ఉండలేక "ఇద్దరమా, ముగ్గురమా" అని ఒక నాటకం రాశారు. అందులో మూడు జంటలు. మొదటి జంటకు పిల్లలున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరిక లేదు. రెండో జంట ఒక పాపను తెచ్చి పెంచుకుందామని చూస్తుంది. మూడో జంటకు పెళ్ళయి నాలుగేళ్ళు. భర్తకు బిడ్డ కావాలి. భార్య కావాలనదు, వద్దనదు. "నాకింకా తెలియదు" అంటుంది. నాటకం చివర ఆమె ఒక్కతే కూర్చుని ఖాళీ తొట్టెల ఊపుతుంటుంది. తెర పడుతుంది.

ఆ భార్య వేషం పద్మది. భర్త వేషం మెడికల్ షాపు ఓంప్రకాశ్‌ది. మాకు కూడా పెళ్ళయి నాలుగేళ్ళయిందనీ, మా ఇంట్లో కూడా ఇదే ముచ్చట నడుస్తుందనీ సార్‌కు తెలియదు. తెలిస్తే పద్మకు ఆ వేషం ఇచ్చేవారు కాదేమో.

మా అమ్మకూ తెలియదు. ఆమె లెక్కలో దేవుడు ఆలస్యం చేస్తున్నాడు, అంతే. మంగళవారం మంగళవారం ఉపవాసముండి కొబ్బరికాయ కొట్టేది. చుట్టాల పెళ్ళికని పాలంపేట దిక్కు పోయి, రామప్పలో కూడా మొక్కి వచ్చింది. ఏ మొక్కు మొక్కినా పద్మను పల్లెత్తు మాట అనేది కాదు. ప్రసాదం మాత్రం చేతిలో పెట్టేది. పద్మ కళ్ళకద్దుకుని తినేది.

ఒకరోజు రిహార్సల్ నుంచి బండి మీద వస్తుంటే పద్మ వెనకనుంచి అన్నది.

"స్టేజీ మీద రోజూ 'నాకింకా తెలియదు' అంటాన. ఇంట్ల ఒక్కసారన్న అనొస్తలేదు."

"చెప్త. ఈ మంగళవారం పోనియ్యి."

"నీ మంగళవారాలు రెండేండ్ల సంది పోతనే ఉన్నయి."

నేను హారన్ కొట్టాను. ముందర ఎవరూ లేరు.

"ఇను" అన్నది పద్మ. "మా ల్యాబోల్లు పరకాలల బ్రాంచి పెడుతాన్రు. జూన్‌ల ఒకరు పోవాలె. నువ్వు చెప్పకపోతే నేను పోత, మా అమ్మోల్లింట్ల ఉంట. కోపంతోని అంటలేను. అత్తమ్మ నా కోసం ఉపాసముంటాంటే నేను ఎదురుంగ కూసోని అన్నం తినుడు నాతోని అయితలేదు."

సరే అన్నాను. అలవాటు కదా.

తొట్టెల పని సులువే అనుకున్నాను. మా ముందరి అర్రలో సజ్జ మీద పాతది ఒకటి ఉంది. టేకుది, గొలుసులతో వేలాడదీసేది. నాలుగు మూలల నాలుగు చిలుకలు. ఒక చిలుకకు ముక్కు లేదు, అది నేనే కొరికానని అమ్మ చెబుతుంది. నేనూ మా అక్కలూ, మా వాడకట్టులో సగం మంది పిల్లలూ అందులోనే పెరిగారు. ఎవరింట్లో కాన్పయినా వచ్చి అడిగి తీసుకుపోయేవారు. వాపసు ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, గుప్పెడు బియ్యం వేసి ఇస్తారు. అది సజ్జ దిగిందంటే ఎక్కడో ఒక బిడ్డ ఉన్నట్టే లెక్క. ఇంకో పనికి అది దిగటం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇంత తెలిసినవాణ్ణి ఆదివారం పొద్దున ఏం చేశాను? అమ్మా నాయినా నూలు తేవటానికి పోయారు. నేను తొట్టెల దించి, ఇంటి ముందర నల్లా దగ్గర పెట్టి, సబ్బు పెట్టి తోముతూ కూర్చున్నాను. నడివాడలో.

ఎదురింటి విమలమ్మ చిన్నమ్మ గడప దాటింది.

"ఏందిరా పండరీ, తొట్టెల కడుగుతానవ్?"

"దుమ్ము పట్టింది చిన్నమ్మా."

"ఇన్నేండ్ల దుమ్ము ఇయ్యాలనే కనబడ్డదా నీకు?"

నాటకానికి అని అప్పుడే అనొచ్చు. అంటే, ఏం నాటకం అని అడుగుతుంది. అందులో తొట్టెల ఎందుకు అంటుంది. అక్కడినుంచి మాట ఎక్కడెక్కడికి పోతుందో నాకు తెలుసు. అందుకని చిలుక రెక్కలు ఇంకా గట్టిగా తోమాను. తల ఎత్తేసరికి చిన్నమ్మ లేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అంత వేగంగా నడవటం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మా నాయినా మా వాడకట్టు మొగిలి ఆటోలో నూలు కట్టలు వేసుకుని వచ్చారు. సందు మొగదలలోనే కబురు అందినట్టుంది. మొగిలి ఆపకుండా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. అమ్మ నూలు సంగతే మరిచి దిగింది.

"ఎవడు దించమన్నడురా దీన్ని? కాన్పు గాకముందే తొట్టెల దించుతరా? డిగ్రీ చదివినవ్, గింత తెల్వదా?"

నోరు తిడుతోంది. ముఖం మాత్రం నవ్వుతోంది.

"అమ్మా, అది గాదే..."

"నువ్వు మాట్లాడకు. ఏయ్, మీరేం జూస్తాన్రు, ఓ చెయ్యి పట్టుండ్రి."

నాయిన ఒక కొస, అమ్మ ఒక కొస పట్టుకున్నారు. నేను తోమి పెట్టిన తొట్టెల తడితడిగానే మళ్ళీ సజ్జ ఎక్కింది. నాయిన దులుపుకుంటూ బయటికి పోయి, మొగిలిని అదే ఆటోలో జిలేబీ కోసం పంపించాడు. "తాజాగ ఏస్తాండా లేదా చూసి తే" అని కూడా చెప్పాడు.

ఆ ఆదివారం పద్మకు డ్యూటీ. మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి ఇంటినిండా ఆడవాళ్ళు. గడపలో కాలు పెట్టిందో లేదో విమలమ్మ చిన్నమ్మ ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క ఆమె నోట్లో పెట్టింది.

"ఆ బ్యాగు ఇటియ్యి బిడ్డా, బరువు మొయ్యకు" అన్నది అమ్మ. బ్యాగులో ఖాళీ టిఫిను డబ్బా తప్ప ఏమీ లేదు.

పద్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆమె పుల్లటి ముక్క నములుతూ మెల్లగా తల ఎత్తింది. సజ్జ మీదినుంచి నీళ్ళు ఒక్కో బొట్టే కారుతున్నాయి. ఆమెకు అంతా అర్థమైంది. ముక్క మింగి, నోరు తుడుచుకుంది.

"అత్తమ్మా, నాకేం లేదు. ఆ తొట్టెల నాటకంకు."

"నాటకంకా?" అన్నది విమలమ్మ చిన్నమ్మ. "మరి నా మామిడికాయ?"

ఎవరో ఫక్కున నవ్వారు. దాంతో అందరూ అందుకున్నారు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అప్పుడే జిలేబీ పొట్లంతో నాయిన గుమ్మంలోకి వచ్చి, సంగతి విని, పొట్లం వైపు చూసుకున్నాడు.

"తెచ్చినం గద, ఇంకేం జేస్తం. నాటకంకే అనుకోని తినుండ్రి."

అమ్మ కూడా నవ్వింది. కానీ అందరూ నవ్వటం అయిపోయాక నవ్వింది. జిలేబీలు అందరికీ తనే పంచింది. పద్మకు రెండు పెట్టింది.

మర్నాడు పొద్దున అమ్మా నాయినా మగ్గం మీద ఉన్నారు. వెడల్పు జంపఖానా ఒక్కరితో అయ్యేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఈమె చేతిలో నూలు సగం దాకా వస్తే ఆయన అందుకోవాలి. తరువాత ఇద్దరూ ఇనుప పంజాలతో దబదబా కొట్టి పోగును దిగ్గొట్టాలి. నేను పుట్టకముందు నుంచీ వాళ్ళు అట్లాగే కూర్చుంటున్నారు. పద్మ చాయ్ తెచ్చి అక్కడే పీట వేసుకుంది. నేను షర్టుకు ఇస్త్రీ చేస్తున్నాను.

"నాటకంల ఏమైతదే?" అన్నది అమ్మ, చెయ్యి ఆపకుండా.

పద్మ చెప్పింది. మూడు జంటల గురించీ చెప్పింది. మొదటి జంట కొట్లాట చెబితే నాయిన నవ్వాడు. మూడో జంట దగ్గరికి వచ్చేసరికి నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆగిపోయాను.

"ఆ పిల్ల పిల్లలు వద్దంటదా?"

"వద్దనది అత్తమ్మా. ఇంకా తెల్వదంటది."

"తెల్వకపోతే తెల్వదనే చెప్పాలె గద ఇంటోల్లకు."

"చెప్ప బుద్ధయితది. వాళ్ళు ఏమనుకుంటరో అని భయం."

అమ్మ పంజా ఎత్తి రెండు దెబ్బలు వేసింది. నాయిన నూలు కోసం చెయ్యి చాపి ఉంచాడు. అమ్మ ఇవ్వలేదు.

"ఆఖరికి ఏం తీర్మానం జేస్తరు?"

"తీర్మానం లేదు. ఆ పిల్ల ఖాళీ తొట్టెల ఊపుకుంట కూసుంటది. తెర పడ్తది."

"ఖాళీ తొట్టెల ఊపుతదా?" అమ్మ పూర్తిగా ఇటు తిరిగింది. "ఎవడు రాసిండు గది? ఖాళీ తొట్టెల ఎవలన్న ఊపుతరా? మంచిదేనా?"

"టికెట్టు ఎంత?" అన్నాడు నాయిన, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి.

"ఊకె సూడొచ్చు మామయ్యా."

"అట్లయితే ముందట కూసుందాం" అని ఆయన తనే అమ్మ చేతిలోంచి నూలు తీసుకున్నాడు.

తొట్టెల ఇవ్వనని అమ్మ అనలేదు. ఖాళీగా ఊపితే మాత్రం ఇవ్వనన్నది. నేను పోయి ఈ మాట సార్‌కు చెబితే ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చారు. అమ్మ కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, అదొక ప్రతీక" అన్నారు సార్. "ప్రేక్షకుడికి ఆ ఖాళీ కనపడాలి."

"కనవడనియ్యి సారూ. నేనొద్దంటలేను. లోపట మాత్రం ఏమన్న ఒకటి ఉండాలె. మా ఇండ్లల్ల పేరు పెట్టే దినం బిడ్డ కంటే ముందుగాల రోటి పొత్రం పెడుతం తొట్టెల్ల. మీరు గూడ పొత్రం పెట్టుండ్రి. ఎవలకు కనబడ్తది?"

సార్ మజ్జిగ గ్లాసులోకి చూస్తూ ఆలోచించారు. "సరేనయ్యా పండరీ, పొత్రం పెట్టే పని నీది" అన్నారు. నా పనుల్లో అదొకటి చేరింది. రోకలిబండంత బరువున్న మా ఇంటి పొత్రాన్ని సంచిలో వేసుకుని నేను హాలుకు మోశాను.

నాటకం మే నెల చివరి ఆదివారం. పొద్దు గూకకముందే హాలు నిండింది. మా నాయిన నేసిన ఎర్ర జంపఖానా మీద, అందరికంటే ముందర, అమ్మా నాయినా విమలమ్మ చిన్నమ్మ కూర్చున్నారు. ఫ్యాన్లు తిరిగాయి. ఓంప్రకాశ్ మొదటి సీనులోనే డైలాగు మరిచాడు. నేను తెర వెనకనుంచి అందించాను. నా గొంతు మైకులో పడింది. "ఓంప్రకాశూ, పండరి చెప్తాండు, ఇనబడ్తలేదా?" అని ఎవరో అరిచారు. జనం విరగబడి నవ్వారు. అది కూడా నాటకమే అనుకున్నారు కొందరు.

చివరి సీనుకు ముందు సార్ వచ్చి తొట్టెల ఊపి చూశారు. పొత్రం బరువుకు గొలుసులు కిర్రుకిర్రుమన్నాయి. ఆ చప్పుడు మైకులో ఇంకా పెద్దగా వచ్చింది.

"డైలాగు వినపడదు. తీసెయ్యి పొత్రం."

"సార్, అమ్మ..."

"ఒక్క సీనేనయ్యా. ఆమెకేం తెలుస్తుంది?"

సరే అని తీశాను. తెర తాడు దగ్గరికి పోయి నిలబడ్డాను.

పద్మ ఒక్కతే స్టేజీ మీద. తొట్టెల తాడు పట్టుకుని ఊపింది. పొత్రం లేని తొట్టెల గాలిలో కాగితంలా పోయి వచ్చింది. ముందు వరుసలో అమ్మ మెడ దానితోపాటే అటూ ఇటూ తిరగటం నాకు పక్కనుంచి కనబడుతోంది.

"నాకింకా తెలియదు" అన్నది పద్మ. చివరి డైలాగు మొదలు అదే. దాని తరువాత ఇంకొక మాట ఉండాలి, అది ఆమె నోట్లోంచి రాలేదు. రిహార్సల్లో ఒక్కసారి కూడా ఆమె ఏ మాటా మరవలేదు. నేను అందించటానికి కాగితం చూశాను. అంతలో జంపఖానా మీదినుంచి అమ్మ లేచింది.

"యాడికే?" అన్నాడు నాయిన.

అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని స్టేజీ మెట్లెక్కింది. నేరుగా పోయి అరచేత్తో తొట్టెల ఆపింది.

అవతలి పక్కనుంచి సార్ నాకు చేతులు ఊపుతున్నారు. తెర, తెర అని పెదవులు కదులుతున్నాయి. తెర లాగటం నా పని. తాడు నా చేతిలోనే ఉంది. నేను లాగలేదు.

"ఖాళీది ఊపద్దంటిని గద బిడ్డా" అన్నది అమ్మ.

పద్మ తల ఎత్తి చూసింది. అమ్మ ఆమె ముఖం కాసేపు చూసింది. చెయ్యి తొట్టెల మీదినుంచి తీయలేదు.

"దీనికెందుకు ఏడుస్తవ్? అవుసరం పడ్డనాడు దించుకుందాం. పడకుంటే సజ్జ మీద ఉంటది. దానికేమన్న అన్నం పెట్టాల్నా మనం?"

ముందుగా నవ్వింది పద్మ. కళ్ళలో నీళ్ళతోనే నవ్వింది. తరువాత జనం నవ్వారు. అమ్మకు అప్పుడు గాని హాలులో జనం ఉన్నారని గుర్తు రాలేదు. కొంగు తీసి తల మీదికి లాక్కుంది. గబగబా ఒక కొస గొలుసు కొక్కెం నుంచి ఊడదీసింది. రెండో కొస అందలేదు.

"పండరీ, ఏడున్నవ్రా? ఈ కొస పట్టు."

తాడు వదిలేసి పోయాను. లుంగీ మీద ఉన్నాను, భుజాన తువ్వాల. కొత్తవాడ అంతా చూస్తుండగా నేనొక కొస, అమ్మొక కొస పట్టుకుని తొట్టెలను స్టేజీ దించాము. తెర పడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఓంప్రకాశ్ లోపలికి వచ్చి, పద్మ పక్కన కూర్చుని, "చాయ్ తాగుదామా?" అన్నాడు. మొత్తం నాటకంలో అతను ఎవరూ అందించకుండా చెప్పిన డైలాగు అదొక్కటే.

"కొట్టుండ్రి సప్పట్లు!" అని అరిచాడు నాయిన. "మా ఇంటిదే ఆమె!"

ఇంటికి నడిచే పోయాము. తొట్టెల నేనూ నాయినా మోశాము. పద్మ పొత్రం సంచి ఎత్తుకుంటే అమ్మ వద్దనలేదు, రెండో చెవి తాను పట్టుకుంది. నాటకం గురించి ఏమీ అడగలేదు. పచ్చిపులుసు తిరగమోత వెయ్యాలి, జర తొందరగ నడువుండ్రి అన్నది.

తరువాతి మంగళవారం కూడా కొబ్బరికాయ కొట్టింది. ఇది దేనికే అని అడిగాను.

"హనుమకొండల ఆట ఉన్నదట గద. మంచిగ కావాలె" అన్నది. ప్రసాదం పద్మ చేతిలో పెట్టింది. పద్మ కూర్చుని, అంతా తిన్నది.

"నేను చెప్పనేలేదు" అన్నాను పద్మతో.

"నీ కోసం ఆగితే ఈ జన్మల కాదని మీ అమ్మకు తెలుసు" అన్నది. జూన్‌లో పద్మ పరకాల పోయింది. ఒక ఆదివారం బస్సులో పోయి, వాళ్ళమ్మను చూసి, మామిడికాయ తొక్కు సీసాతో పొద్దుగూకేసరికి తిరిగి వచ్చింది. బ్రాంచిలో పని వేరే అమ్మాయి చేస్తోంది.

సార్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చివరి సీను తిరగరాసి తెచ్చారు. అందులో ప్రేక్షకుల్లోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చి తొట్టెల ఆపుతుంది. ఆ వేషం వెయ్యమని అమ్మను బతిమాలారు. "ఒక్కసారి చెప్పిన గద సారూ, మల్ల మల్ల ఎందుకు?" అని అమ్మ మగ్గం దిగలేదు. హనుమకొండ ఆటకు విమలమ్మ చిన్నమ్మ ముందుకొచ్చింది. మోకాళ్ళ నొప్పులు మరిచి మెట్లెక్కింది, తొట్టెల ఆపింది, అమ్మ చెప్పినదానికి ఇంకా పది మాటలు కలిపి చెప్పింది. ఆపలేక నేనే తెర లాగాను.

ఇప్పుడు నాటకం ఊరూరా పోతోంది. ఏ ఊరికి పోతే ఆ ఊరి పెద్దావిడను ఒకామెను ముందు వరుసలో కూర్చోబెడతారు. తొట్టెల కూడా నాటకం వాళ్ళు సొంతంగా చేయించుకున్నారు. మాది సజ్జ మీదనే ఉంది. అడుగున అమ్మ గుప్పెడు బియ్యం పోసి పెట్టింది. అది ఎప్పుడు దిగుతుంది, అసలు దిగుతుందా అనేది నేనూ పద్మా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకోవటం లేదు.

మీ ఊరికి ఆ నాటకం వస్తే చూడండి. చివర్లో ఒక పెద్దావిడ లేచి వచ్చి తొట్టెల మీద చెయ్యి పెడుతుంది. మీరు చప్పట్లు కొడతారు. పోస్టరు మీద ఆ వేషానికి పేరుండదు. కానీ ఆ మాట మొదట అన్నామె వేషం కట్టలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మా అమ్మ, బక్కమ్మ. తొట్టెల ఖాళీగా ఊగుతుంటే చూస్తూ కూర్చోలేక లేచింది. చప్పట్లు కొట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి యాది చేసుకోండి.